పద్దెనిమిది వందల గంటల ఫిల్టరు

ఆ ఉదయం లెక్కలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకల్లా గడ్డి కోసే బండిని మైదానంలోకి దించాలి. తొమ్మిదిన్నరకు తూర్పు సగం, పన్నెండున్నరకు పడమటి సగం అయిపోవాలి. మూడింటికి క్లబ్బు కార్యదర్శి వచ్చి గడ్డి చూసి, మైదానం పని మరో మూడేళ్ళు ఈయన చేతిలోనే ఉంచాలో అక్కర్లేదో తేల్చి వెళ్తాడు. నాలుగింటికి అక్కడే ఫుట్‌బాల్ పోటీ. మధ్యలో భోజనానికి ఇరవై నిమిషాలు కేటాయించాడు. అందులో ఐదు నిమిషాలు చేతులు కడుక్కోవడానికి.

పదకొండేళ్ళుగా ఆ మైదానమే ఆయన బతుకు. గేటు పక్కన రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో కూర్చుని తోలే ఎర్రరంగు గడ్డికోత బండి. పని పోతే గదులు రెండూ ఖాళీ చేయాలి. దానికితోడు, గడ్డి తనంతట తానే కోసుకు తిరిగే మనిషి లేని యంత్రాలు తెస్తానని ఒక కుర్ర కంట్రాక్టరు ఆర్నెల్లుగా కార్యదర్శి వెనకాల తిరుగుతున్నాడు.

లెక్కలాయన దేన్నయినా గంటల్లోనే కొలుస్తాడు. చెప్పుల జత రెండువేల గంటలు రావాలి. గొడుగు మూడొందలు, వాన లేనప్పుడు పట్టుకు తిరిగినవి లెక్కలోకి రావు. పెళ్ళయి రెండు లక్షల గంటలు దాటిందని, అందులో మూడోవంతు నిద్ర కింద తీసేయాలని భార్యకే ఒకసారి చెప్పాడు. ఆవిడ మిగతా రెండు వంతుల్లో ఎంత తీసేయాలో తను కూడా ఆలోచిస్తున్నానంది.

ఆయన లెక్కలన్నిటికీ కిరీటం మాత్రం ఆ బండి సీటు కింద ఉండే హైడ్రాలిక్ ఫిల్టరు. చక్రాలను తిప్పే నూనెలోని మురికిని పట్టే డబ్బా అది, పిడికిలి కంటే కొంచెం పెద్దది. నాలుగు వందల గంటలకోసారి మార్చమని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆరేళ్ళ కిందట వాడిన బండిగా దీన్ని కొన్న రోజున, పాత యజమాని కొత్త ఫిల్టరు బిగించి ఇచ్చాడు. అప్పుడు గంటల మీటరు 212 చూపిస్తోంది. లెక్కలాయన తెల్లరంగు తెచ్చి, సన్న కుంచెతో ఫిల్టరు మీద 212 అని రాశాడు. ఇప్పుడు మీటరు 2012 చూపిస్తోంది. ఫిల్టరు మీద 212 అలాగే ఉంది. బండి సుబ్బరంగా నడుస్తోంది. అంటే పుస్తకం అబద్ధం, ఫిల్టరు నిజం.

"అమ్మేవాడు నాలుగొందలే అంటాడు. నాలుగు వేలు అంటే వాడి దుకాణం మూసుకోవాలిగా" అనేవాడు. బండి కదలకుండా ఇంజను వట్టినే తిరిగిన గంటలు సగం, పల్లంలోకి దిగిన గంటలు పావు, పొడిగడ్డి మీద తిరిగినవి ముప్పావు అని ఆయన దగ్గర ఒక పట్టిక కూడా ఉంది. మీటరు 612కి వచ్చిన రోజుల్లో భార్య ఆ పుస్తకం తెరిచి, "ఏమండీ, ఫిల్టరు మార్చాలేమో" అంది. ఆయన జవాబు రెండున్నర గంటలు సాగింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన కునుకు తీస్తుంటే బండి కడిగే పని మాత్రం తనే పెట్టుకుంది.

తొమ్మిదింబావుకు, తూర్పు సగం అయిపోవస్తుండగా, కార్యదర్శి ఫోన్ చేశాడు.

"మూడింటికి కాదు, పదకొండుకే వస్తున్నాను. మెకానిక్‌ని కూడా తెస్తున్నా. మీ ఫిల్టరు చూడాలి."

"ఏ ఫిల్టరు సార్?"

"ఊళ్ళో ఎన్నున్నాయండీ. కిందటేడు మీటింగులో నలభై నిమిషాలు చెప్పారే, ఆ ఫిల్టరు. అప్పటికి పదిహేను వందల గంటలన్నారు. ఇప్పుడెంతయింది?"

"ఇవాళ్టితో సరిగ్గా పద్దెనిమిది వందలు" అన్నాడు లెక్కలాయన. గర్వం ఆయన నోట్లోంచి ఎప్పుడూ ఆలోచన కంటే ముందే వచ్చేస్తుంది.

"మీ మాట నమ్మి మా క్లబ్బు గడ్డికోత బళ్ళు రెండింటికీ ఫిల్టర్లు మార్చడం ఆపించాను. రాతపూర్వకంగా. కింద సంతకం కూడా పెట్టాను. నిన్న రెండూ ఆగిపోయాయి. ఒకటి గట్టు ఎక్కట్లేదు, రెండోది గట్టు మీదే ఉండిపోయింది, దిగట్లేదు. కమిటీ నన్ను సంజాయిషీ అడిగింది."

"అయ్యయ్యో."

"మీ ఫిల్టరు బాగుందనుకోండి, మావాళ్ళకి బండి తోలడం రాదని రాసి బయటపడతాను. బాగాలేదనుకోండి..."

"అనుకుంటే?"

"మీకు మైదానం ఉండదు. నాకు కుర్చీ ఉండదు. పదకొండుకి కలుద్దాం."

లెక్కలాయన బండి ఆపాడు. అది సరిగ్గా మైదానం నడిమధ్య, సున్నంతో గీసిన గుండ్రం లోపల ఆగింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆయనకు ఒక అనుమానం వచ్చింది. పద్దెనిమిది వందల గంటల మురికిని ఆ చిన్న డబ్బా ఎక్కడ పెట్టుకుని ఉంటుంది? వాళ్ళొచ్చి విప్పేలోపు తనే విప్పి చూసుకోవడం మంచిది. బాగుంటే తిరిగి బిగించేస్తాడు. బాగోకపోతే ఏం చేయాలో ఆయన పట్టికలో లేదు.

స్పానర్ల పెట్టె, బట్టలు నానబెట్టే బేసిను తెచ్చుకోవడానికి ఇంటికి పరిగెత్తేసరికి భార్య గుమ్మంలోనే ఎదురైంది. సంగతి విని ఆవిడ ముఖం ఒక్కసారి మారింది.

"ఇవాళ విప్పకండి."

"ఎందుకట?"

"బాగానే ఉంటుంది. నాకు నమ్మకముంది."

రెండు లక్షల గంటల్లో ఆవిడ ఆయన లెక్క మీద నమ్మకముందని అన్నది ఇదే మొదలు. ఇంత ధైర్యం చెబుతోందంటే తన పరిస్థితి ఇంక ఆఖరుకొచ్చినట్టే అనుకున్నాడు.

"జాలిపడకు. ఏదైతే అదే అవుతుంది" అన్నాడు.

"జాలి కాదండీ. మీకో మాట చెప్పాలి. కోప్పడనంటే..."

"ఇప్పుడు కాదు. పదకొండు దాటాక ఏం చెప్పినా వింటాను. అప్పటికి నాకు పనేమీ ఉండదు."

ఆవిడ ఒక నిమిషం ఆయన చేతిలోని బేసిను వైపు చూసింది. తర్వాత సంచీ తీసుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"బజారుకి."

"ఇప్పుడా?"

"మీరు అది విప్పుతున్నారంటే ఇప్పుడే వెళ్ళాలి" అని గేటు దాటింది. భర్త మునిగిపోతుంటే బజారుకు వెళ్ళే భార్య సంగతి కూడా ఆయన ఆ రోజు నష్టాల్లో రాసుకున్నాడు.

ఫిల్టరు మొండికేసింది. బెల్టు చుట్టి లాగాడు, రాలేదు. రెండు చేతులా లాగాడు, రాలేదు. పళ్ళు బిగించి, కాలు చక్రానికి తన్నిపెట్టి లాగితే ఒక్కసారిగా వచ్చేసింది. దాంతోపాటు నూనె కూడా వచ్చింది. లోపల అంత నూనె ఉంటుందని ఆయన అనుకోలేదు, ఆరేళ్ళుగా చూడలేదు గనక. బేసిను నిండింది. ఆయన దాన్ని పక్కకు లాగబోతే అంచు పొర్లి, గుండ్రం మధ్య పచ్చటి గడ్డి మీద దుప్పటంత మేర పారింది.

హైడ్రాలిక్ నూనె పడిన చోట గడ్డి ఏమవుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. రేపటికి పసుపు, వారానికి గోధుమరంగు, ఆపైన నెలల తరబడి బోడినేల. అదీ రెండు జట్లూ బంతి పెట్టే చోట. షెడ్డులోంచి టార్పాలిన్ తెచ్చి కప్పాడు. గాలికి లేస్తోంది. దాని మీద కూర్చున్నాడు.

అలా కూర్చుని, ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని ఫిల్టరును వంచాడు. లోపల మిగిలిన నూనె చారగా జారింది. తేనెలా ఉంది. తళతళలాడుతోంది. వేలితో తడిమాడు, ఇసుక లేదు, ఇనపరజను లేదు. డబ్బాను తిప్పి చూశాడు. గ్రీజు, దుమ్ము పట్టిన ఒంటి మీద తెల్లగా 212. తన రాతే.

పద్దెనిమిది వందల గంటలు. లెక్కలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రపంచంలో ఇంతమంది ఇంజనీర్లు ఉండగా నిజం తనకు తెలిసింది. మైదానం నిలిచింది, ఇల్లు నిలిచింది. ఆ ఆనందం ఆయనకు పదకొండింటిదాకా, అంటే నలభై నిమిషాలు వచ్చింది. ఆ రోజు మొత్తానికి అదే.

పదకొండింటికి కార్యదర్శి పొడుగ్గా, మెకానిక్ పొట్టిగా నడిచొచ్చారు. మెకానిక్ నెరిసిన జుట్టు మనిషి. అవసరమైన దానికంటే ఒక మాట తక్కువే మాట్లాడతాడు.

"సగం గడ్డే కోశారేం?" అన్నాడు కార్యదర్శి.

"ముందు ఇది చూడండి సార్." లెక్కలాయన కూర్చున్నచోటి నుంచే రెండు చేతులా ఫిల్టరు అందించాడు.

"లేచి మాట్లాడండి."

"ఇక్కడ బాగుంది సార్."

మెకానిక్ జేబులోంచి చిన్న కట్టరు తీసి డబ్బా మూతి చుట్టూ కోశాడు. లోపలి మడతల కాగితాన్ని బయటికి లాగి ఎండకు పట్టి చూశాడు. వాసన చూశాడు.

"ఇది రెండొందల గంటల ఫిల్టరు" అన్నాడు.

"చూశారా సార్? పద్దెనిమిది వందలు తిరిగి కూడా రెండొందల గంటల దానిలా ఉందంటున్నారు మేస్త్రీ."

"దానిలా అనలేదు. అదే అన్నాను."

డబ్బా అడుగున రేకు మీద గుద్దిన అంకెలను బొటనవేలితో తుడిచి కార్యదర్శికి చూపించాడు. తయారైంది కిందటేడు. పైనేమో ఆరేళ్ళ నాటి రాత.

కార్యదర్శి ఆ రెండిటినీ మార్చి మార్చి చూశాడు. లెక్కలాయన, "అది తయారైన సంవత్సరం కాదేమో సార్. పనికొచ్చే గడువేమో" అన్నాడు.

"అంటే గడువు కిందటేడే అయిపోయిందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని లెక్కలాయనకు అర్థమయింది. మెకానిక్ డబ్బా ఒంటిని గోటితో గీకాడు. "ఈ మురికి దానంతటది పట్టింది కాదు. చేత్తో పూశారు. ఇదిగో, వేళ్ళ గుర్తులు."

"పూశారా" అన్నాడు కార్యదర్శి. గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది. "నేను పొద్దున ఫోన్ చేశాక మార్చారన్నమాట."

"ఈ పొద్దున కాదు సార్, రెండొందల గంటలు వాడింది" అన్నాడు మెకానిక్. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

"అయితే ఎన్నాళ్ళ నుంచో మోసం."

"నా మైదానం మీద ఒట్టు సార్, నేను దీన్ని ఇవాళ్టిదాకా ముట్టుకోలేదు."

"మరెవరు ముట్టుకున్నారు?"

"ఎవరో దొంగలు..."

"దొంగలొచ్చి మీ పాత ఫిల్టరు ఎత్తుకుపోయి, కొత్తది బిగించి పోయారు."

"అలాగే కనిపిస్తోంది సార్."

"పైన 212 అని కూడా రాసి. అచ్చం మీ రాతతో."

లెక్కలాయన ఒప్పుకోలేక, కాదనలేక తల ఊపాడు.

"నూనె కూడా వాళ్ళే పోసి ఉండాలి" అన్నాడు మెకానిక్. "కొత్తది. మంచి రకం."

లెక్కలాయన మనసులో లెక్కలు ఒకదానిమీద ఒకటి కూలుతున్నాయి. ఆరేళ్ళుగా నూనె తగ్గలేదంటే ఈ బండికి నూనె తాగే అలవాటు లేదనుకున్నాడు. ఫిల్టరు పాడవలేదంటే తన పట్టిక గొప్పదనుకున్నాడు. ఒట్టేసిన కొద్దీ అబద్ధాలకోరుగా కనిపిస్తున్నాడు, మానేస్తే ఒప్పుకున్నట్టవుతుంది. నిజం చెప్పే మనిషికి ఇంత గిట్టుబాటు కాని రోజు ఉండదు.

కార్యదర్శి కోపంతో ఒక అడుగు ముందుకేశాడు. బూటు టార్పాలిన్ కొసకు తగిలింది. టార్పాలిన్ జరిగింది, దానితో లెక్కలాయనా జరిగాడు, ఆయన మోచెయ్యి బేసినుకు తగిలింది. ఆ బేసినులో మిగిలినదంతా, ఏ తొందరా లేకుండా, గుండ్రం రెండోవైపుకు కూడా పారింది. దుప్పటంత మచ్చ ఇప్పుడు మంచమంత అయింది.

ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. కూర్చున్న ఆయన కూడా నిలబడ్డాడు, ఇంక దాచేదేమీ లేదు.

"బండి పక్కకు తీయండి" అన్నాడు కార్యదర్శి నీరసంగా.

"నూనె లేకుండా చక్రాలు తిరగవు సార్."

"అయితే పోటీ బండి చుట్టూ ఆడాలి."

లెక్కలాయన గేటు పక్క రెండు గదుల వైపు చూశాడు. కిటికీకి ఆరేసిన తువ్వాలు ఆయనదే. మంచం, రెండు పెట్టెలు, ఒక బీరువా. తోపుడుబండి అయితే నాలుగు సార్లు తిరగాలి, ఒక్కోసారి ముప్పావు గంట. ఇల్లు ఖాళీ చేయడానికి మూడు గంటలు. ఆ లెక్క మాత్రం తప్పు పోదని ఆయనకు తెలుసు.

సరిగ్గా అప్పుడు భార్య గేటులోంచి వచ్చింది. ఒక చేతిలో నూనె డబ్బా, రెండో చేతిలో సంచీ. మచ్చను చూసింది, కోసిన ఫిల్టరును చూసింది, భర్త ముఖం చూసింది.

"అమ్మా, మీవారు మమ్మల్ని ఆరేళ్ళుగా మోసం చేశారు" అన్నాడు కార్యదర్శి.

"ఆయనా? ఆయనకంత తెలీదండీ" అంది ఆవిడ.

నూనె డబ్బా కింద పెట్టి, ఒక్క నిమిషమని ఇంట్లోకి వెళ్ళి, తుప్పుపట్టిన పెద్ద రేకు డబ్బా మోసుకొచ్చింది. బట్టలుతికే సబ్బుల వెనకాల ఉండేది అది. మూత తీసి, కాగితాల్లో చుట్టిన నాలుగు పాత ఫిల్టర్లు వరసగా గడ్డి మీద నిలబెట్టింది. నాలుగింటి మీదా తెల్లరంగుతో 212. చూడబోతే నాలుగూ ఒకే చేతిరాత. మెకానిక్ ఒక్కొక్కటీ తిరగేశాడు. అడుగున పెన్సిలుతో చిన్నగా రాసి ఉంది: 612, 1012, 1412, 1812.

"నాలుగొందలకోసారి, పుస్తకంలో ఉన్నట్టే" అంది ఆవిడ. "ఆదివారాలు ఆయన నిద్రపోతున్నప్పుడు. కొత్తది మెరిస్తే అడుగుతారని కొంచెం గ్రీజు పూసేదాన్ని. అంకె మారితే అడుగుతారని అదే రాసేదాన్ని. అడిగితే మళ్ళీ చెబుతారు కదండీ."

మెకానిక్ ఆవిడ వేళ్ళ వైపు, డబ్బా మీద వేళ్ళ గుర్తుల వైపు చూసి తల పంకించాడు. కార్యదర్శి లెక్కలాయన వైపు తిరిగాడు.

"వీటిలో మీ రాత ఏది?"

లెక్కలాయన వంగి, నాలుగింటినీ చాలాసేపు పరీక్షించాడు. మూడోదాన్ని చూపించాడు.

"అది కాదండీ, మొదటిది" అంది భార్య మెల్లిగా. "మీ రెండు అంకెకు తోక పొట్టి. నాకు కొంచెం పొడుగొస్తుంది."

కార్యదర్శి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సూటిగా ఒక్కటి చెప్పండి. ఇదంతా మీకు తెలుసా, తెలియదా?"

లెక్కలాయన జీవితంలో అతి కష్టమైన లెక్క అది. తెలుసంటే మోసగాడు, మైదానం పోతుంది గానీ పట్టిక కట్టిన తెలివి నిలుస్తుంది. ఇంత నాటకం ఆడినవాడు మామూలువాడు కాదంటారు. తెలియదంటే నిజాయితీపరుడు, కానీ ఆరేళ్ళు, నలభై నిమిషాల ఉపన్యాసం, గట్టు మీద దిగకుండా ఉన్న బండి, అన్నీ ఒక తెలివితక్కువవాడి ఖాతాలో పడతాయి. కిటికీకి ఉన్న తువ్వాలును ఇంకోసారి చూశాడు.

"తెలియదు సార్" అన్నాడు.

"కమిటీకి ఏం రాయమంటారు నన్ను? నిద్రపోయే మనిషి మాట విని రెండు బళ్ళు పాడుచేశానని రాయనా?"

"ఈ బండి రెండువేల గంటలు బాగా నడిచింది సార్" అన్నాడు మెకానిక్. అతని దగ్గరనుంచి అంత పొడుగు మాట అదే మొదటిది. "ఎవరు నడిపించారో అది రాయండి."

కార్యదర్శి ఆవిడ సంచీలోంచి తొంగిచూస్తున్న కొత్త ఫిల్టరు వైపు చూశాడు. "పోటీ వేళకు ఇది కదులుతుందా అమ్మా?"

"ఫిల్టరుకు పన్నెండు నిమిషాలండీ. తర్వాత నూనె పోసి, వెనక చక్రాలు ఎత్తిపెట్టి గాలి పోయేదాకా తిప్పాలి. అరగంటనుకోండి. ఏమండీ, మీరు పార తెచ్చి ఆ నూనె మట్టి ఎత్తేయండి. షెడ్డు వెనక మంచి గడ్డి ఉంది, పలకలుగా కోసి ఇక్కడ పరిచేద్దాం."

ఆయన పార తెచ్చాడు. మీటరును ఒక్కసారి కూడా చూడకుండా తవ్వాడు. ఆవిడ బండెక్కి మిగిలిన గడ్డి మూడుంబావుకల్లా కోసింది. గీతలు ఆయన కోసినవాటి కంటే తిన్నగా వచ్చాయి. ఆ సంగతి మెకానిక్ గమనించాడు గానీ పైకి అనలేదు. పోటీ మొదలయ్యేముందు కార్యదర్శి షెడ్డు దగ్గరికొచ్చి, మైదానంతోపాటు క్లబ్బు బళ్ళ మరమ్మతు పని కూడా మూడేళ్ళకు అప్పగిస్తున్నట్టు కాగితం రాశాడు. పేరు దగ్గర ఆవిడ పేరుంది. పని చేయవలసిన మనుషులు అన్నచోట లెక్కలాయన పేరుంది.

జనం వెళ్ళాక ఆయన షెడ్డులో బోర్లించిన బేసిను మీద కూర్చుని అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానుగా. ఆరువందల పన్నెండు దగ్గర. మీ జవాబుకు రెండున్నర గంటలు పట్టింది. మార్చడానికి పన్నెండు నిమిషాలు."

లెక్కలాయన అలవాటుకొద్దీ మనసులో కట్టాడు. నాలుగు సార్లు, పది గంటల్లోంచి నలభై ఎనిమిది నిమిషాలు తీసేస్తే తొమ్మిది గంటల పన్నెండు నిమిషాల ఆదా. మళ్ళీ కట్టాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆవిడ సీటు ఎత్తి, తెల్లరంగు సీసా, సన్న కుంచె ఆయన చేతికిచ్చింది. "రాయండి. మీ రాతే అందం."

"ఎంతని?"

"2012."

ఆయన వంగి, తోకలు పొట్టిగా వచ్చేలా జాగ్రత్తగా రాశాడు. కింద సంతకం మాత్రం ఆవిడ పెట్టింది.